నడిబొడ్డున నిండుతున్న జాగాలు

2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. అప్పటి నుంచి హైదరాబాద్ పెరుగుతోందని ఎవరన్నా మన చూపు పడమటి దిక్కుకే పోతోంది. గండిపేట వైపు, ఔటర్ రింగ్ రోడ్డు వైపు, రాళ్ళగుట్టలు తొలిచి లేపుతున్న నలభై యాభై అంతస్తుల టవర్ల వైపు. కానీ ఊరి మధ్యలో ఇంకో పెరుగుదల సాగుతోంది. లక్డీకాపూల్ నుంచి అసెంబ్లీ, నాంపల్లి, మొజంజాహీ మార్కెట్ మీదుగా అబిడ్స్ దాకా వెళ్ళే దారి పొడవునా అది కనిపిస్తుంది. దానికి వేలంపాటలు లేవు, పత్రికల మొదటి పేజీ ప్రకటనలు లేవు. ఒకరోజు ఒక పాత బంగళా చుట్టూ రేకులు లేస్తాయి. ఏడాది రెండేళ్ళకు ఆ రేకుల వెనక నుంచి అద్దాల ముఖంతో కొత్త భవనం బయటపడుతుంది. అక్కడ అంతకుముందు ఏముండేదో ఆర్నెల్లు తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు. ఇవాళ ఆ దారి గురించి మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఊరు లోపలికి పెరగడం తప్పేమీ కాదు. 158 కిలోమీటర్ల ఔటర్ అవతల కొత్త రోడ్లు, కొత్త నీటి లైన్లు, కొత్త సబ్‌స్టేషన్లు వేసి కట్టే ఇళ్ళ కంటే, రైలూ బస్సూ నల్లా బడీ ఆసుపత్రీ ముందే ఉన్నచోట కట్టే ఇళ్ళు నగరానికి చవకే. లక్డీకాపూల్‌లో ఒక కుటుంబం కొత్తగా కాపురం పెడితే వాళ్ళకు మెట్రో ఉంది, 2003లో మొదలైన ఎంఎంటీఎస్ రైలు ఉంది. నీలోఫర్ ఆసుపత్రి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పక్కనే రెడ్‌హిల్స్‌లో ఉన్నాయి. సాయంత్రం గాలికి పోవాలంటే పబ్లిక్ గార్డెన్స్ ఉంది. కారు లేకుండా బతకగలిగిన చోట్లు హైదరాబాద్‌లో కొన్నే ఉన్నాయి, వాటిలో ఇదొకటి. అందుకని ఇక్కడ కట్టకూడదని ఎవరూ అనరు. నా ఫిర్యాదు వేరు. మనం ప్లాటును చూసి అనుమతి ఇస్తున్నాం, వీధిని చూడటం మానేశాం. ఈ ప్రసంగమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

వీధిని చూసే అలవాటు ఈ ఊరికి ఒకప్పుడు ఉండేది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగేసింది. ఆ దెబ్బకు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. ఊళ్ళో పని చూసుకోవడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. నాంపల్లి లాంటి చోట్ల ఇరుకు బస్తీలను తొలగించి ఇళ్ళు కట్టించడం, రోడ్లు వెడల్పు చేయడం, బజార్లు నిలబెట్టడం దాని పని.

ఆ బోర్డు చేసిన పనిని చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీలో ఇప్పటికీ చూడొచ్చు. రోడ్డుకు రెండు పక్కలా ఒకే వరసలో రాతి భవనాలు. కింద దుకాణాలు, వాటి ముందు కమానుల నీడలో నడిచే దారి. ఎవరి దుకాణం వాళ్ళదే, ఎవరి వ్యాపారం వాళ్ళదే, కానీ వీధి ముఖం మాత్రం అందరిదీ. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా ఆ కమానుల కింద మనిషి నడవగలడు. 1935లో ఏడో నిజాం రెండో కొడుకు మొజం జా పేరుతో కట్టిన మొజంజాహీ మార్కెట్‌దీ ఆ తీరే. రోడ్లు కలిసే మూలను వృథాగా వదిలేయకుండా, మూల మీద గడియారపు గోపురం నిలిపి, రెండు వైపులా మల్గీల వరస సాగదీశారు. చుట్టూ ట్రాఫిక్ ఎంత రొద పెట్టినా లోపలి ఆవరణలో ఐస్‌క్రీమ్ తింటూ తీరిగ్గా కూర్చోవచ్చు. ఖాళీ జాగాను ఎలా నింపాలో చెప్పే పాఠం అది, మన కళ్ళ ముందే ఉంది.

అబిడ్స్ సంగతి కొంచెం వేరు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ దుకాణం తెరిచాడు. ఆ దుకాణం పేరే పేటకు నిలిచిపోయింది. పక్కనున్న చిరాగ్ అలీ లేన్‌లోనే 1930లలో దక్కన్ రేడియో గొంతు విప్పింది. అంటే ఈ నగరంలో మొదటి రేడియో మాటలు వినిపించింది ఆ గల్లీ నుంచే. తర్వాత హోటళ్ళు వచ్చాయి, టాకీసులు వచ్చాయి, బట్టల షోరూములు వచ్చాయి. 1960ల నుంచి 80ల దాకా జిల్లాల నుంచి పెళ్ళి బట్టలకు వచ్చినవాళ్ళు నాంపల్లిలో రైలు దిగి, అబిడ్స్‌లో బేరాలు ముగించుకుని, ప్యాలెస్‌లోనో జమ్రుద్ మహల్‌లోనో సినిమా చూసి రాత్రి బండెక్కేవారు. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి, అలాంటి కథ ఒకటి తప్పకుండా చెబుతారు.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తలుపులు తెరిచింది. జీతాలు అటు కదిలాయి, వాటి వెనక షోరూములూ సినిమాహాళ్ళూ కదిలాయి. అబిడ్స్‌లో టాకీసులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ప్యాలెస్, జమ్రుద్ మహల్, సాగర్ అనే పేర్లు ఇప్పుడు పాతతరం నోట్లోనే ఉన్నాయి. రోడ్డు మీద రద్దీ మాత్రం తగ్గలేదు. తగ్గింది పై అంతస్తుల్లో కాపురాలు. కింద మల్గీ, పైన ఇల్లు అన్న పాత పద్ధతి పోయి, పై గదులు గోదాములయ్యాయి. రాత్రి ఎనిమిదిన్నరకు షటర్లు దించాక తలెత్తి చూస్తే కిటికీల్లో దీపం వెలిగే ఇళ్ళు కొన్నే ఉంటాయి.

ఇప్పుడు మళ్ళీ బిల్డర్ల చూపు ఇటు తిరిగింది. కారణాలు మూడు.

మొదటిది మెట్రో. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా రైలు నడవడం మొదలైంది. ఆ లైనులో లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి, గాంధీభవన్ వరసగా నాలుగు స్టేషన్లు. ఇంత దగ్గర దగ్గరగా స్టేషన్లున్న దారిలో భూమికి విలువ రాకుండా ఎలా ఉంటుంది? దానికి తోడు 2023 ఆగస్టులో నాంపల్లి రైల్వే స్టేషన్‌కు 309 కోట్ల రూపాయలతో అమృత్ భారత్ పథకం కింద శంకుస్థాపన జరిగింది.

రెండోది చట్టం. దేశంలో చాలా నగరాల్లో ప్లాటు విస్తీర్ణానికి ఇన్నింతలు మాత్రమే కట్టాలని ఎఫ్ఎస్ఐ అనే కొలత ఉంటుంది. హైదరాబాద్‌లో 2006 మార్చిలో వచ్చిన 86వ నంబరు జీవోతో ఆ పరిమితి ఎత్తేశారు. 2012లో వచ్చిన 168వ నంబరు జీవో ఆ పద్ధతినే కొనసాగించింది. ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, ప్లాటు ఎంత పెద్దది, చుట్టూ ఎంత జాగా వదులుతున్నారు అన్న లెక్కను బట్టి ఎత్తు వస్తుంది.

మూడోది అనుమతుల వేగం. 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక 75 గజాల లోపు చిన్న ఇంటికి అసలు అనుమతే అక్కర్లేదు, నమోదు చేసుకుంటే చాలు. ఆరువందల గజాల దాకా పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్ళకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదనే అనుమతి వెంటనే వచ్చేస్తుంది. సామాన్యుడికి ఇది మేలే. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగే బాధ తప్పింది.

ఈ మూడూ కలిసి ఈ దారిని ఎలా మారుస్తున్నాయో కొంచెం దగ్గరికి వెళ్ళి చూద్దాం.

హైరైజ్ భవనం కట్టాలంటే నిబంధనల ప్రకారం కనీసం రెండువేల చదరపు మీటర్ల ప్లాటు కావాలి. అంటే దాదాపు 2400 గజాలు. ముందు కనీసం 40 అడుగుల రోడ్డు ఉండాలి. నాంపల్లి, అబిడ్స్ గల్లీల్లో అంత జాగా ఎవరికి ఉంటుంది? పాత దేవిడీలకు ఉంటుంది, తోటలున్న బంగళాలకు ఉంటుంది, టాకీసులకు ఉంటుంది. బిల్డరు ముందు వాటినే వెతుక్కుంటాడు. పేటలో కాస్త చెట్టూ నీడా, పది మందీ కలిసే చోటూ ఏవైతే ఉన్నాయో అవే ముందు పోతాయి. ఇది ఏ ఒక్కరి దురాశా కాదు, నిబంధనే ఆ వైపు దారి చూపిస్తోంది.

ఇక మిగిలిన చిన్న ప్లాట్ల సంగతి. రెండువందలు, మూడువందల గజాలు. వీటిలో చాలా వాటికి యజమాని ఒక్కడు కాదు. తాతగారి పేరున ఉన్న కాగితం, ఆరుగురు వారసులు, వాళ్ళలో ఒకరు జెడ్డాలో, ఇంకొకరు చికాగోలో. కింద మల్గీలో నలభై ఏళ్ళ కింద పగిడీ, అంటే ఒకేసారి పెద్ద మొత్తం, కట్టి చేరిన కిరాయిదారు. కిరాయి నామమాత్రం, ఖాళీ చేయమంటే కోర్టు. ఇంకొన్ని వక్ఫ్ ఆస్తులు. నాంపల్లి హజ్ హౌస్ పక్కన వక్ఫ్ బోర్డు స్థలంలో మొదలుపెట్టిన ఏడంతస్తుల వాణిజ్య భవనం ఏళ్ళ తరబడి సిమెంటు స్తంభాలతో సగంలోనే నిలబడి ఉంది. మెట్రో స్టేషన్‌కు నడక దూరంలో, నగరంలోనే విలువైన చోట. భూమి ఖరీదు ఎంత పెరిగినా చిక్కుముడి విప్పేవాడు లేకపోతే జాగా నిండదు.

చిక్కు విడిపోయిన చోట ఏం జరుగుతుంది? వారసులంతా ఒక మాటకు వచ్చి, సగం సగం వాటాకు డెవలప్‌మెంట్‌కు ఇస్తారు. పాత ఇల్లు నేలమట్టమవుతుంది. సెల్లార్ కోసం పదడుగుల లోతు తవ్వుతారు. పక్కింటి పాత సున్నపు గోడకు కర్రలు ఆనించి పని నడిపిస్తారు. ఆ పక్కింటివాళ్ళు వాన పడ్డ ప్రతి రాత్రీ గోడ వైపు చూసుకుంటూ పడుకుంటారు. భవనం లేస్తుంది. ముందు వదిలిన సెట్‌బ్యాక్‌లోకి కొన్నాళ్ళకు జనరేటర్ వస్తుంది, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ కంచె, ఆ తర్వాత పాన్ డబ్బా. సెల్లార్‌లోకి కార్లు దిగడానికి ర్యాంపు కావాలి. ఆ ర్యాంపు మొదలయ్యేది ఫుట్‌పాత్ మీద. ఒక వరసలో ఎనిమిది భవనాలుంటే ఎనిమిది ర్యాంపులు, ఎనిమిది చోట్ల ఫుట్‌పాత్ తెగుతుంది. మెట్రో దిగిన మనిషి అక్కడి నుంచి రోడ్డు మీదకు దిగి ఆటోల మధ్య నడవాల్సిందే. ప్రతి ప్లాను విడివిడిగా చూస్తే నిబంధనల ప్రకారమే ఉంటుంది. వీధి మాత్రం నడవడానికి పనికిరాకుండా పోతుంది.

ఆఖరికి ఆ సెల్లార్‌లో కార్లు ఉంటాయా అంటే, అదీ అనుమానమే. కొన్నాళ్ళకు అది గోదామవుతుంది, లేదా ఇంకో నాలుగు మల్గీలవుతుంది. కార్లు రోడ్డు మీదకే వస్తాయి. 2007 ఆఖరున బీపీఎస్, 2015లో బీఆర్ఎస్ అంటూ అక్రమ నిర్మాణాలను రుసుము కట్టించుకుని సక్రమం చేసే పథకాలు వచ్చాయి. నిజాయితీగా సెట్‌బ్యాక్ వదిలినవాడు వీధిలో అందరికంటే అమాయకుడిగా మిగిలాడు.

ఈ పార్కింగ్ ముడిని ఇంకోలా విప్పవచ్చని నాంపల్లిలోనే ఒక ఉదాహరణ ఉంది. మెట్రో స్టేషన్ దగ్గర సుమారు రెండువేల గజాల ప్రభుత్వ స్థలంలో, మెట్రో సంస్థ ప్రైవేటు భాగస్వామితో కలిసి 15 అంతస్తుల యాంత్రిక పార్కింగ్ భవనం కట్టించింది. పది అంతస్తులు వాహనాలకు, ఐదు అంతస్తులు దుకాణాలకూ సినిమా తెరలకూ. అందులో ర్యాంపు లేదు. కారును కింద ఉక్కు పలక మీద వదిలి మనం దిగిపోతే చాలు, యంత్రం కొలతలు చూసుకుని, తిప్పి, లిఫ్టులో పైకి తీసుకుపోయి ఖాళీ అరలో పెట్టేస్తుంది. జర్మనీ పరిజ్ఞానం. అరెకరానికి తక్కువ జాగాలో వందల బండ్లు పడతాయి.

నాకు ఇందులో నచ్చింది యంత్రం కాదు. ఒక వీధికంతా కలిపి ఒకచోట పార్కింగ్ పెట్టవచ్చన్న ఆలోచన. అలాంటి భవనం ఒకటి ఉన్నప్పుడు దాని చుట్టుపక్కల ప్లాటు యజమాని తన సొంత సెల్లార్ ఎందుకు తవ్వాలి? ఆ ఖర్చులో కొంత ఉమ్మడి పార్కింగ్‌కు కట్టించుకుని సెల్లార్ మినహాయిస్తే ర్యాంపు ఉండదు, ఫుట్‌పాత్ తెగదు, పక్కింటి గోడ నిలబడుతుంది. చిన్న ప్లాటు కూడా బిల్డరు దయ లేకుండా సొంతంగా కట్టుకోవడానికి వీలవుతుంది. మన నిబంధనలు మాత్రం ప్రతి ప్లాటూ తన బండి తానే దాచుకోవాలంటాయి. యంత్రం కొత్తదే వచ్చింది, ఆలోచన పాతదే మిగిలింది.

ఇక నిప్పు మాట. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు కింది అంతస్తులో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములకు మంటలు అంటుకున్నాయి. పొగ మెట్లదారి గుండా పైకి పాకింది. ఆ రోజు తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. వాళ్ళంతా పై అంతస్తుల్లో కాపురమున్నవాళ్ళు. కింద వ్యాపారం, పైన నివాసం అన్నది మన బజార్ల పాత సంప్రదాయమే, అందులో తప్పు లేదు. కానీ కిందున్నది కిరాణా కొట్టా, రసాయనాల గోదామా అని ఎవరు చూడాలి? అనుమతి ఇచ్చేటప్పుడు ఒక్కసారి చూసి, తర్వాత ఇరవై ఏళ్ళు అటువైపు తొంగిచూడని వ్యవస్థ మనది. ఊరి మధ్యలో మళ్ళీ ఇళ్ళు కావాలి, కాపురాలు రావాలి అని కోరుకునేవాళ్ళం ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. రెండో మెట్లదారి, ఫైరింజను తిరిగేంత సందు, ఏటేటా తనిఖీ లేని చోట పైన ఇల్లు కట్టడం మనుషులను ప్రమాదంలో పెట్టడమే.

పాత కట్టడాల విషయానికి వస్తే మన రికార్డు మంచీ చెడూ కలిసినది. వారసత్వ కట్టడాలకు రక్షణగా ఉన్న పాత నిబంధనను 2015 డిసెంబర్‌లో ఎత్తేశారు, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఖైరతాబాద్ దగ్గర ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. ఇటు మొజంజాహీ మార్కెట్‌ను మాత్రం ముచ్చటగా బాగుచేశారు. పైన వేలాడే రేకులూ బోర్డులూ వైర్లూ తీసేసి, రాయిని కడిగి, 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. దుకాణదారులను వెళ్ళగొట్టకుండానే ఆ పని జరిగింది. ఇప్పుడు సాయంత్రాలు అక్కడ జనం చూడండి. పాతదాన్ని నిలబెట్టడం కూడా వ్యాపారమేనని ఆ మార్కెట్ రుజువు చేసింది.

ఇంకో పెద్ద పరీక్ష ఇప్పుడు నడుస్తోంది. ఉస్మానియా జనరల్ ఆసుపత్రికి కొత్త భవనం కోసం 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. పోలీసు స్టేడియం ఉన్న సుమారు 26 ఎకరాల జాగా, రెండువేల పడకల ఆసుపత్రి. మూసీ ఒడ్డున విన్సెంట్ ఎష్ రూపుదిద్దిన పాత భవనం మీద భారం తగ్గుతుంది, రోగులకు మంచి ఆసుపత్రి వస్తుంది. గోషామహల్ వాసులు మాత్రం ఉన్న ఒక్క మైదానమూ పోతోందని రోడ్డెక్కారు. వాళ్ళ మాటా కొట్టిపారేయదగింది కాదు. ఇరుకు గల్లీల్లోకి రోజూ వేలమంది రోగులూ అంబులెన్సులూ వస్తే వీధులు తట్టుకోవాలి కదా. ఆసుపత్రి ప్లాను ఎంత గొప్పగా ఉన్నా, దాని గేటు బయట రోడ్డు ప్లాను కూడా అంతే శ్రద్ధగా గీయకపోతే సగం పని వృథా.

ఆసుపత్రుల మాట వచ్చింది కాబట్టి లక్డీకాపూల్‌లో నాకు కనిపించే ఒక సంగతి. నీలోఫర్‌లో పిల్లలను చేర్చిన తల్లిదండ్రులు, క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చిన రోగుల బంధువులు రాత్రిళ్ళు ఫుట్‌పాత్‌ల మీద, దుకాణాల అరుగుల మీద చాపలు పరుచుకుంటారు. స్టీలు టిఫిన్ డబ్బా తలకింద, మందుల చీటీల కవరు గుండెల మీద. చుట్టూ లాడ్జీలూ డయాగ్నస్టిక్ సెంటర్లూ కొత్తవి లేస్తూనే ఉన్నాయి. రోజుకు వందో రెండువందలో ఇచ్చి తల దాచుకునే గది మాత్రం వాటిలో లేదు. ఖాళీ జాగాలు ఎవరి కోసం నిండుతున్నాయి అనే ప్రశ్నకు జవాబు ఆ అరుగుల మీద దొరుకుతుంది.

అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల బజారు ఉంది. పాత పుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు, సగం ధరకు ఇంజనీరింగ్ పుస్తకాలు. ఎంతమంది డిగ్రీ పిల్లలు ఆ ఫుట్‌పాత్ మీద కూర్చుని చదువులు దాటారో లెక్కలేదు. ఆ బజారు నడవడానికి కారణం చాలా చిన్నది. ఆదివారం దుకాణాలకు సెలవు. దించిన షటర్ల ముందు పట్టా పరుచుకుంటే అడిగేవారుండరు. అదే చోట మాల్ వచ్చిందనుకోండి, మాల్‌కు ఆదివారమే అసలు వ్యాపారం. పట్టా పరిచే చోటు ఉండదు. వీధి వ్యాపారుల హక్కులకు 2014 నుంచి కేంద్ర చట్టం ఉంది. వాళ్ళకు చోటు గుర్తించాలని ఆ చట్టం చెబుతుంది. కొత్త భవనం ప్లాను మంజూరు చేసేటప్పుడు మాత్రం ఆ చట్టాన్ని ఎవరూ గుర్తు చేసుకోరు.

అమెరికాలో జేన్ జేకబ్స్ అనే రచయిత్రి చిన్న వ్యాపారానికి పాత వీధి ఎందుకు అవసరమో 1961లోనే వివరంగా రాశారు. బతికున్న పేటలో కొత్త భవనాలూ పాత భవనాలూ కలిసి ఉండాలి, ఎందుకంటే కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాడికి పాత భవనపు తక్కువ కిరాయే ఆసరా అన్నది ఆమె వాదం. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాళ్ళను చూస్తే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. నాలుగడుగుల బల్ల, ఒక టేబుల్ లైటు, చిన్న సోల్డరింగ్ కర్ర. అంత తక్కువతో బతుకు మొదలుపెట్టగల చోటు అద్దాల మాల్‌లో ఎక్కడ దొరుకుతుంది?

మరి ఏం చేయాలి? ముంబయిలో భెండీ బజార్ వాళ్ళు ఒక దారి పట్టారు. 2009లో ఒక ట్రస్టు పెట్టుకుని, పదహారున్నర ఎకరాల్లోని సుమారు 250 శిథిల భవనాలను ఒకే పథకంగా తీసుకున్నారు. అక్కడి కిరాయిదారుకూ దుకాణదారుకూ కొత్త భవనంలో సొంత జాగా అన్నది మొదటి షరతు. అంతా కూల్చి టవర్లు కట్టే పద్ధతి మనకు అక్కర్లేదు. పాత కిరాయిదారును లెక్కలోకి తీసుకోవడం మాత్రం మనం నేర్చుకోవాలి, అది మొదటి పని. పగిడీ కట్టినవాడికి కొత్త భవనంలో ఒక వాటా అని చట్టం చెబితే సగం కోర్టు కేసులు రాజీకి వస్తాయి.

రెండో పని, రోడ్డు వెడల్పుకు జాగా ఇచ్చినవాళ్ళ టీడీఆర్ గురించి. 2017 ఆఖరున వచ్చిన ఉత్తర్వు ప్రకారం రోడ్డుకు పోయిన జాగాకు నాలుగింతల నిర్మాణ హక్కు కాగితం రూపంలో ఇస్తున్నారు, అదే టీడీఆర్. ఆ కాగితాన్ని కొనుక్కున్న బిల్డరు నగరంలో మరోచోట అదనపు అంతస్తు వేసుకుంటాడు. జాగా పోయింది అబిడ్స్‌ది, అంతస్తు లేచేది గచ్చిబౌలిలో. ఆ అమ్మకం విలువలో కొంత భాగం జాగా పోగొట్టుకున్న వీధికే, ఫుట్‌పాత్‌కూ వాననీటి కాలువకూ, ఖర్చు పెట్టాలి. వాన గట్టిగా పడిన రోజున లక్డీకాపూల్ కూడలి చూసినవాళ్ళకు ఆ డబ్బు ఎక్కడ కావాలో చెప్పనక్కర్లేదు.

మూడో పని, ఒక్కో వీధికి ఒక్కో ప్లాను. లక్డీకాపూల్ నుంచి నాంపల్లి దాకా ఒకటి, స్టేషన్ రోడ్డుకు ఒకటి, అబిడ్స్‌కు ఒకటి. ఉమ్మడి పార్కింగ్ ఎక్కడ, ఫైరింజను దారి ఎక్కడ, తోపుడుబండ్లకూ ఆదివారం పుస్తకాలకూ చోటు ఎక్కడ, ఏ పాత భవనం నిలవాలి, ఏ చోట ఎత్తుకు వెళ్ళవచ్చు అన్నది ముందే గీసి, గోడ మీద అంటించాలి. బిల్డరు వచ్చినప్పుడు ఆ కాగితంలో తన ప్లాటు ఎక్కడుందో చూసుకుని ప్లాను వేసుకోవాలి. వందేళ్ళ కింద మన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చేసిన పని ఇదే. అప్పుడు కంప్యూటర్లు లేవు, ఉపగ్రహ చిత్రాలు లేవు. వీధి తమదన్న పట్టింపు మాత్రం ఉంది.

శ్రోతలారా, అధికారులు చేయాల్సినవి చెప్పాను. మనం చేయగలిగినవీ ఉన్నాయి. మీ ఇల్లు డెవలప్‌మెంట్‌కు ఇస్తున్నారా? ఎన్ని చదరపు అడుగులు వస్తాయని అడిగే ముందు మెట్లదారులు ఎన్ని, కింది అంతస్తు ఎవరికి ఇస్తారు అని అగ్రిమెంటులో రాయించండి. ఈ దారిలో ఫ్లాటో దుకాణమో కొంటున్నారా? ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి, సెల్లార్‌లోకి స్వయంగా దిగి చూడండి. అక్కడ కార్లకు బదులు డ్రమ్ములు కనిపిస్తే బయానా ఇవ్వకండి. మీ గల్లీలో సెల్లార్ తవ్వుతూ పక్కింటి గోడకు కర్రలు ఆనిస్తే, గోడ పడ్డాక ఏడవకుండా ముందే కార్పొరేషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు తీసుకోండి. మీ వార్డు కార్యాలయానికి వెళ్ళి, మా వీధికి ప్లాను ఏదని అడగండి. ఒకరు అడిగితే నవ్వుతారు, యాభై మంది అడిగితే ఫైలు తెరుస్తారు.

ఊరి నడిబొడ్డు మళ్ళీ నిండాల్సిందే. ఎవరి ప్లాటు వారిది, నిజమే. వీధి మాత్రం మనందరిది. దాన్ని వదిలేసి ఎన్ని అంతస్తులు లేపినా అది నగరం పెరగడం అనిపించుకోదు.